యంత్రం మారినా ప్రోగ్రాము చెడదు: ఐబీఎం కథ

1960ల మొదట్లో ఐబీఎం కంప్యూటర్లు కొన్న సంస్థలకు ఒక పెద్ద చిక్కు ఉండేది. పని పెరిగి పెద్ద యంత్రం తెచ్చుకుంటే, చిన్నదాని కోసం రాసుకున్న ప్రోగ్రాములు అందులో నడిచేవి కావు. 1401 యంత్రానికి తెలిసిన ఆదేశాలు వేరు, 7090కి తెలిసినవి వేరు. అన్నీ మళ్ళీ రాసుకోవలసిందే.

1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్/360 ఈ ముడిని విప్పింది. ఆ శ్రేణిలో చిన్నా పెద్దా యంత్రాలు దాదాపు అన్నింటికీ ఒకే ఆదేశాల పట్టిక. పెద్ద నమూనాలలో ఆదేశాన్ని సర్క్యూట్లే నేరుగా అమలు చేసేవి. చిన్నవాటిలో మైక్రోకోడ్ అనే లోపలి ప్రోగ్రాము అదే ఆదేశాన్ని అంచెలంచెలుగా పూర్తిచేసేది. వేగం మారినా ఫలితం మారదు. ఈ మైక్రోకోడ్ సాయంతోనే మోడల్ 30 పాత 1401 ప్రోగ్రాములనూ నడపగలిగింది. సిస్టమ్/360 కోసం సుమారు 500 కోట్ల డాలర్లు వెచ్చించిన కంపెనీ, బాగా అమ్ముడవుతున్న తన పాత శ్రేణులకు తానే కాలం చెల్లేలా చేసింది. ఐబీఎం చరిత్రలో ఇంతటి సాహసం మరొకటి లేదని నా నమ్మకం.

1981లో ఐబీఎం తెచ్చిన పర్సనల్ కంప్యూటర్ (పీసీ)లో ప్రాసెసర్ ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్‌ది. కాంపాక్ వంటి కంపెనీలు ఆ పీసీ ప్రోగ్రాములనే నడిపే యంత్రాలు తయారుచేయడంతో లాభాలు ఆ రెండు కంపెనీలవైపు మళ్ళాయి. 1993లో ఐబీఎం నష్టం సుమారు 800 కోట్ల డాలర్లు.

ఆ ఏడాదే పగ్గాలు చేపట్టిన లూ గెర్స్ట్‌నర్ కంపెనీని ముక్కలు కానివ్వలేదు. ఈ సంగతి అందరూ చెబుతారు. మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల వంటి పెద్ద సంస్థలు వాడే, సిస్టమ్/360 వంశానికి చెందిన భారీ కంప్యూటర్) చిప్‌లో వచ్చిన మార్పు గురించి చెప్పేవారు తక్కువ. అంతవరకూ వాడిన బైపోలార్ రకం ట్రాన్సిస్టర్లు (చిప్‌లోని సూక్ష్మ స్విచ్‌లు) వేగవంతమైనవే. కానీ ఎప్పుడూ విద్యుత్తును తాగుతూ విపరీతంగా వేడెక్కేవి. పెద్ద యంత్రాలను చల్లబరచడానికి నీటి గొట్టాలు కావలసి వచ్చేవి. సీమాస్ (CMOS) అనే మరో రకం ట్రాన్సిస్టర్ ప్రధానంగా స్థితి మారేటప్పుడే విద్యుత్తు వాడుకుంటుంది. 1994లో వచ్చిన తొలి సీమాస్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాసెసర్లు పాతవాటికంటే నెమ్మది. అయినా ఐబీఎం వెనకడుగు వేయలేదు. ఖర్చు, పరిమాణం బాగా తగ్గాయి; కొన్నేళ్లలో వేగమూ అందుకుంది. ఆదేశాల పట్టిక మాత్రం కొనసాగింది కాబట్టి బ్యాంకుల ప్రోగ్రాములు చెక్కుచెదరలేదు.

2005లో పీసీ వ్యాపారం లెనోవోకు వెళ్ళింది. 2019లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందించే రెడ్‌హ్యాట్ కంపెనీని సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొన్నారు. ఆ కొనుగోలు వెనుక ముఖ్యపాత్ర వహించిన అరవింద్ కృష్ణ ఆంధ్రప్రదేశ్‌లో పుట్టినవారు. 2020లో సీఈఓ అయ్యారు. ఇప్పుడు ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో రెడ్‌హ్యాట్ లినక్స్, దశాబ్దాల నాటి బ్యాంకు ప్రోగ్రాములు పక్కపక్కనే నడవగలవు.