పెంకు పోయిన గుడ్డు, సున్నం నిండిన గుళిక

విజయనగరం జిల్లాలోని మా ఉన్నత పాఠశాలలో ఒక కోడిగుడ్డును రెండు రోజులు వెనిగరులో నానబెట్టి, పెంకు కరిగిపోయాక మంచినీళ్ళలో వేసి పిల్లలకు చూపించాను. గుడ్డు ఉబ్బింది. "నీళ్ళు లోపలికి వెళ్ళాయి కదండీ మాస్టారూ, మరి సొన బయటికెందుకు రాలేదు?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. ఆ జవాబును పట్టుకొని కదిలితే ఎంజైములను (రసాయన చర్యలను వేగపరిచే ప్రోటీన్లను) బంధించే పాలిమరు (పొడవాటి గొలుసు అణువుల) సూక్ష్మగుళికల దాకా వెళ్ళవచ్చు.

నీటి అణువు చిన్నది, సొనలోని ప్రోటీను పెద్దది, పొరలోని సందులు ఆ రెండింటికీ నడుమ ఉన్నాయి. గుళికలోనూ ఇదే లెక్క. యూరియా అణుభారం 60 కాగా, దానిని విడగొట్టే యూరియేజ్ అనే ఎంజైము అణుభారం సుమారు 5,45,000. అందువల్ల యూరియా గోడ దాటి లోపలికి పోతుంది, తయారైన అమ్మోనియా బయటికి వస్తుంది, యూరియేజ్ మాత్రం లోపలే ఉండి పనిచేస్తుంది. వరిచేలో యూరియా చల్లాక నేలలో జరిగేదీ ఈ చర్యే. 1926లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్ ఈ ఎంజైమును స్ఫటికాలుగా వేరుచేసింది మన తమ్మకాయకు దగ్గరి చుట్టమైన ఒక చిక్కుడు గింజ నుంచి.

గుడ్డుకు సున్నపు పెంకు బయట ఉంటే, గుళికకు సున్నపు అచ్చు లోపల ఉంటుంది. కాల్షియం క్లోరైడు, సోడియం కార్బొనేటు ద్రావణాలను ఎంజైముతో కలిపి వేగంగా చిలికితే, కొన్ని మైక్రాన్ల వ్యాసంతో గుల్లబారిన కాల్షియం కార్బొనేటు (పెంకులోని సున్నమే) బంతులు ఏర్పడి, ఎంజైము వాటిలో చిక్కుకుంటుంది. వాటిపై ధనావేశమున్న పాలిమరును, రుణావేశమున్న పాలిమరును మార్చి మార్చి పూస్తారు. ప్రతి పూత తన కిందిదాని ఆవేశాన్ని రద్దుచేసి కొంత మిగులుతుంది, ఆ మిగులే తరువాతి పూతను లాగుతుంది. ఆపైన లోపలి కార్బొనేటును, కాల్షియాన్ని పట్టి లాగే ఈడీటీఏ అనే రసాయనంతో కరిగిస్తారు, ఎందుకంటే గాఢమైన ఆమ్లం ఎంజైమును పాడుచేస్తుంది. ఇలా అచ్చును కరిగించి బోలు గుళికలు చేసే పద్ధతిని 1998లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు చూపించారు.

అయితే గుడ్డు పొర చేయలేని పనిని ఈ గోడ చేస్తుంది: పరిసరాల పులుపును బట్టి సందులను మార్చుకుంటుంది. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే నీరు ఎర్రబడుతుంది. దిష్టి తగిలిందనడానికి దానిని గుర్తుగా చూపేవారు నేటికీ ఉన్నారు గాని, అక్కడ జరిగేది పసుపులోని అణువు ఒక ప్రోటానును వదులుకోవడమే. పిల్లలకు దీనిని ముందుగా నేర్పకపోవడం మా ఉపాధ్యాయుల లోపమని నేను నమ్ముతాను. గోడలోని అమీను సమూహాలు (పాలిమరులోని నత్రజని ఉన్న భాగాలు) పులుపు నీటిలో ఇందుకు తిరుగుగా ప్రోటాన్లను పట్టుకుంటాయి. అప్పుడు ధనావేశాలు ఎక్కువై ఒకదానినొకటి నెట్టుకోగా గోడ వదులవుతుంది. ఒక రకం గుళికలు పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6 కంటే తగ్గితే పెద్ద అణువులకు దారి ఇచ్చి, 8 దాటితే మూసుకున్నాయి. మూసుకున్న గుళికలోకి ప్రోటీన్లను నరికే ఎంజైములు చొరబడలేవు గనుక, లోపలి ఎంజైము క్షేమంగా ఉంటుంది.

యూరియేజ్ ఉన్న గుళికలను కాల్షియం క్లోరైడు, యూరియా కలిసిన నీటిలో ఉంచినప్పుడు, యూరియా విడిపోయి వచ్చిన కార్బొనేటు లోపలే కాల్షియంతో కలిసింది. అచ్చుగా ఉండి కరిగిపోయిన సున్నమే, ఈసారి ఎంజైము చేతి మీదుగా, మళ్ళీ గుళికలో పేరుకుంది.