పది జెర్సీల రొమారియో, మూడున్నర లక్షల ట్రయల్

పోయిన ఆదివారం ప్రాక్టీసు అయ్యాక కోన్లు ఏరుకుంటుంటే, అండర్-15 బ్యాచ్‌లో ఓ పిల్లాడి నాన్న ఫోన్ పట్టుకుని వచ్చాడు. వాట్సాప్‌లో రంగురంగుల కాగితం. బ్రెజిల్‌లో ఫుట్‌బాల్ ట్రయల్స్, పది రోజులు, మూడున్నర లక్షలు. మధ్యలో బ్రెజిల్ పాతతరం స్ట్రైకర్ రొమారియో ఫొటో, కింద ఆయన ఆడిన క్లబ్బుల గుర్తులు వరసగా.

"సార్, ఈయన పది క్లబ్బులు తిరిగిండట. బయటికి పోతేనే కద సార్ పోరడు ఎదిగేది? చిట్టీ ఎత్తుదామనుకుంటున్న."

కోచింగ్‌లో ఉన్న ఇన్నేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కాగితం మీద ఫొటో మారుతుంది, అంతే. ఈసారి రొమారియో దొరికాడు కాబట్టి ఆయన్నే పట్టుకుని చెబుతా.

అపోహ: బయటి దేశం పోతే ఆటగాడవుతాడు.

ఆటగాడయ్యాకే బయటివాళ్లు వచ్చి అడిగారు. రొమారియో 1966లో రియోలోని జకరేజిన్యో అనే బస్తీలో పుట్టాడు. ఒలారియా అనే చిన్న క్లబ్బు పిల్లల జట్టులో ఆడి, అక్కణ్నుంచి వాస్కో డ గామాకు వెళ్లాడు. 1985లో పెద్ద జట్టులోకి వచ్చాడు. ఈ రెండు క్లబ్బులూ రియోవే, ఊరు దాటిందే లేదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 7 గోల్స్ కొట్టి టాప్ స్కోరర్ అయ్యాడు, బ్రెజిల్‌కు వెండి పతకం వచ్చింది. అప్పుడు కదిలింది నెదర్లాండ్స్ క్లబ్బు పీఎస్‌వీ ఐండోవెన్. ఆ ఏడాదే యూరోపియన్ కప్ గెలిచిన జట్టు అది. అప్పటికి మనవాడికి 22 ఏళ్లు.

డబ్బు ఎటు నుంచి ఎటు పోయిందో చూడండి. పీఎస్‌వీ వాస్కోకు కట్టింది. 1993లో స్పెయిన్ క్లబ్బు బార్సిలోనా పీఎస్‌వీకి కట్టింది. 1995లో రియో క్లబ్బు ఫ్లమెంగో బార్సిలోనాకు కట్టింది. ఈ వరసలో ఎక్కడా ఆటగాడి తండ్రి చిట్టీ ఎత్తలేదు. నీ పిల్లాడు కావాలనుకున్నవాడు నీకు టికెట్ పంపుతాడు, నీ దగ్గర టికెట్ డబ్బులు అడగడు.

ఇంకో మాట, ఇది ఏ కాగితంలోనూ ఉండదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల ప్రకారం 18 నిండని పిల్లాణ్ని వేరే దేశపు క్లబ్బు రిజిస్టర్ చేసుకోకూడదు. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని పని మీద ఆ దేశానికి మారడం, సరిహద్దుకు దగ్గర్లో ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. మన బోడుప్పల్ పిల్లాడికి వాటిలో ఒక్కటీ వర్తించదు. ఆ పది రోజులు వాడు పీలేలా ఆడినా సంతకం పెట్టించుకునే వీల్లేదు. మరి ఆ మూడున్నర లక్షలు దేనికి? విమానం, హోటలు, ఓ సర్టిఫికెట్, ఓ ఫొటో.

కోపంగా రాస్తున్నానని తెలుసు. నేనూ కట్టినవాణ్నే. పందొమ్మిదేళ్లప్పుడు వేరే రాష్ట్రంలో ట్రయల్ అంటే పద్దెనిమిది వేలు కట్టాం. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టింది. వెళ్లి చూస్తే వందమందికి పైగా కుర్రాళ్లు, షర్టుకు పిన్నీసుతో నంబరు చీటీ. నాకు దొరికింది పన్నెండు నిమిషాలు. గీత పక్కన కుర్చీలో కూర్చున్నాయన ఒళ్లో పుస్తకం ఉంది, చేతిలో పెన్ను ఉంది, పెన్నుకు మూత ఉంది. నా పన్నెండు నిమిషాల్లో ఆ మూత తియ్యలేదు. ఆట మధ్యలో నేను చూసింది బంతిని కాదు, ఆ మూతనే. ఇంటికొచ్చి అమ్మకు "బాగా ఆడానమ్మా" అని చెప్పా. కాబట్టి కట్టేసిన తల్లిదండ్రుల్ని నేనేమీ అనను. ఆశ ఉన్నచోటే ఇలాంటి కాగితాలు తిరుగుతాయి.

అపోహ: ఇన్ని క్లబ్బులు మారాడంటే ఎక్కడా పనికిరాలేదు.

బార్సిలోనాలో తొలి లీగ్ సీజన్‌లో 33 మ్యాచ్‌ల్లో 30 గోల్స్. ఆ తర్వాత 1994 ప్రపంచకప్‌లో 5 గోల్స్, టోర్నీలో ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్, ఆ ఏడాది ఫిఫా ఉత్తమ ఆటగాడు. అయినా మరుసటి జనవరికే రియోలో ఉన్నాడు. ఇంటిమీద బెంగ. కొన్నిచోట్ల కుదరని మాట నిజమే. స్పెయిన్‌లోనే మరో క్లబ్బు వాలెన్సియాలో కోచ్‌తో పడలేదు, 2003లో ఖతార్‌లో అల్ సద్‌కు మూడు మ్యాచ్‌లాడి ఒక్క గోలూ కొట్టలేదు. ప్రపంచమంతా తిరిగాడంటారు గానీ ఆ పది క్లబ్బుల్లో నాలుగు రియోవే. వాస్కోకైతే నాలుగు విడతలు ఆడాడు.

పొట్టివాడు స్ట్రైకర్ కాలేడా? ఐదడుగుల ఆరంగుళాల మనిషి 1994 సెమీఫైనల్లో ఆరడుగుల స్వీడన్ డిఫెండర్ల మధ్య తలతో గోల్ కొట్టాడు. ఎగిరిన ఎత్తు కాదు, నిలబడిన చోటు చూడండి. మా పిల్లలకు నేను ఎక్కువసార్లు చూపించేది మాత్రం 1994 జనవరిలో రియల్ మాడ్రిడ్ మీద కొట్టిన గోల్. గోల్‌కు వీపు పెట్టి బంతి అందుకుని, దాన్ని కుడికాలికి అంటించుకుని గుండ్రంగా తిరిగాడు. వెనక కాపలా ఉన్న అల్కోర్తా ఇంకా పాత దిక్కుకే చూస్తున్నాడు. స్పెయిన్‌లో ఆ తిప్పుడుకి ఆవుతోక అని పేరు. ఎందుకో ఒకసారి చూస్తే అర్థమవుతుంది.

ముప్ఫై దాటితే అయిపోయిందా? 2005లో బ్రెజిల్ లీగ్ టాప్ స్కోరర్ ఆయనే, 22 గోల్స్, వయసు 39.

వెయ్యి గోల్సా? 2007 మే 20న పెనాల్టీతో వెయ్యో గోల్ అన్నది ఆయన లెక్క. పిల్లల జట్లవి, స్నేహపూర్వక మ్యాచ్‌లవి కూడా కలిపిన లెక్క. దీనిమీద నాతో వాదనకు రాకండి, ఓపిక లేదు.

సరే, మళ్లీ ఆ పిల్లాడి నాన్న దగ్గరికి. ఏజెంటుకు ఫిఫా లైసెన్సు ఉందా, ఏ క్లబ్బు పిలుస్తోంది, ఆ క్లబ్బు లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఏదీ, ఈ మూడూ అడగమన్నా. అక్కడే నిలబడి మెసేజ్ పెట్టాడు. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఆయన కాసేపు తెరనే చూసి, ఆ కాగితంలో చివరి గుర్తు మీద వేలు పెట్టాడు.

"అమెరికాలో గూడ ఆడిండు కద సార్, జీతం బాగనే ఇచ్చుంటరు."

అమెరికా దేశంలో ఆడింది నిజమే, 2006లో మయామిలో. ఈ గుర్తు అది కాదు. అమెరికా అనేది రియోలో ఓ పాత క్లబ్బు. రొమారియో నాన్న ఆ జట్టుకు వీరాభిమాని. 2008లో ఆయన పోయారు. మరుసటి ఏడాది, ఆట మానేసిన కొడుకు 43 ఏళ్ల వయసులో ఆ ఎర్ర జెర్సీ వేసుకుని, రాష్ట్ర లీగ్ రెండో డివిజన్‌లో ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడు. నాన్న కోరిక అది.

పిల్లాడి నాన్న ఫోన్ జేబులో పెట్టుకుని, వంగి నాతోపాటు కోన్లు ఏరాడు.