పాశ్చాత్య దేశాల రక్షణ వ్యయం: అపోహలు – వాస్తవాలు

రక్షణ బడ్జెట్లను చదవడం, చదివినదాన్ని విద్యార్థులకు విడమరచి చెప్పడం చాలా ఏళ్లుగా నా వృత్తి. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి చొరబడినప్పుడు, అక్కడ వైద్యవిద్య చదువుకుంటున్న మన పిల్లలు పోలండ్, రుమేనియా, హంగరీ సరిహద్దులు దాటి క్షేమంగా ఇళ్లకు చేరేదాకా ఎన్నో తెలుగు ఇళ్లలో ఆ యుద్ధం తప్ప మరో మాట లేదు. ఆ తర్వాత మన దాకా వచ్చినవి ఎక్కువగా పెద్ద పెద్ద అంకెలే. ఫలానా దేశం పదివేల కోట్లు ఇచ్చిందని, మరో దేశం బడ్జెట్‌ను రెట్టింపు చేసిందని చదువుతుంటాం. ఆ అంకెలు అబద్ధాలు కావు. అయితే నాయకుడు సభలో ప్రకటించిన మొత్తం వేరు, చట్టసభ మంజూరు చేసినది వేరు, కంపెనీతో ఒప్పందం కుదిరినది వేరు, ఖజానా నుంచి చెల్లించినది వేరు, చివరికి సైనికుడి చేతికి అందిన సరుకు వేరు. వీటి మధ్య ఏళ్లు గడుస్తాయి. నేను తరచుగా వినే అపోహల్లో చాలా వరకు ఈ దశలన్నిటినీ ఒక్కటిగా కలిపేయడం వల్ల పుట్టినవే.

అపోహ: సభ్యదేశాలు తమ జీడీపీలో 2 శాతం నాటో సైనిక కూటమికి చందాగా కట్టాలి; యూరప్ ఎగ్గొట్టిన బాకీని అమెరికా కడుతోంది.

ఆ 2 శాతం ఎవరికీ కట్టేది కాదు. ప్రతి దేశం తన సైన్యం మీద తానే పెట్టుకోవలసిన ఖర్చుకు అది ఒక కొలమానం. నాటోకు ఉమ్మడి నిధి కూడా ఉన్నది గాని, అది 2025లో సుమారు 460 కోట్ల యూరోలు మాత్రమే. అందులో అమెరికా, జర్మనీలది సమాన వాటా, చెరొక 16 శాతం దాకా. సభ్యదేశాల మొత్తం సైనిక వ్యయంలో అమెరికాది దాదాపు మూడింట రెండు వంతులన్న మాట నిజమే. కానీ అందులో పసిఫిక్ నౌకాదళం, అణ్వస్త్రాలు, పశ్చిమాసియా స్థావరాలు అన్నీ కలిసి ఉంటాయి కనుక, ఆ మొత్తాన్ని యూరప్ రక్షణ పద్దులో రాయడం కుదరదు.

అపోహ: 2 శాతం దాటిన దేశం బలమైనది, దాటనిది బలహీనమైనది.

క్రిమియాను రష్యా ఆక్రమించిన 2014లోనే, వేల్స్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో, పదేళ్లలో 2 శాతం వైపు సాగుతామని నాటో దేశాలు మాట ఇచ్చాయి. ఆ ఏడాది ఆ గీత దాటినవి మూడే: అమెరికా, బ్రిటన్, గ్రీస్. గ్రీస్ ఆ జాబితాలో ఉండటానికి తుర్కియేతో దానికున్న పాత వైరం ఒక కారణమైతే, ఆర్థిక సంక్షోభంలో ఆ దేశ జీడీపీయే నాలుగో వంతు దాకా కుంగిపోవడం మరొకటి. భాగహారంలో హారం తగ్గినా శాతం పెరుగుతుంది కదా! పైగా నాటో లెక్కింపు పద్ధతిలో మాజీ సైనికుల పింఛన్లు కూడా రక్షణ వ్యయమే. ఆ పద్దు ఎంత పెరిగినా సరిహద్దు మీదికి ఒక్క ఫిరంగి అదనంగా రాదు. అందుకే అదే వేల్స్ సమావేశంలో, వ్యయంలో కనీసం ఐదో వంతు ఆయుధ సామగ్రి మీద, పరిశోధన మీద ఉండాలని రెండో షరతు పెట్టారు. పత్రికలు దాన్ని పెద్దగా పట్టించుకోవు. నేనైతే ముందు ఆ గడినే చూస్తాను. 2024 నాటికి 32 దేశాల్లో 23 దేశాలు 2 శాతానికి చేరతాయని నాటో అంచనా వేసింది. పోలండ్ 4 శాతం దాటింది.

అపోహ: దండయాత్ర జరిగిన మూడో రోజునే జర్మనీ పదివేల కోట్ల యూరోలు కుమ్మరించింది.

ఈ అపోహ మీద కొంచెం ఎక్కువసేపు నిలవాలి, ఎందుకంటే రక్షణ వ్యయం వెనుక రాజకీయం ఎలా నడుస్తుందో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి నాకు కనిపించలేదు. 2022 ఫిబ్రవరి 27, ఆదివారం నాడు, ప్రత్యేకంగా సమావేశమైన జర్మనీ పార్లమెంటు బుండెస్టాగ్‌లో అప్పటి ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ 10,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధిని ప్రకటించారు. అంతకు నెల రోజుల ముందు ఉక్రెయిన్‌కు 5,000 హెల్మెట్లు పంపుతామన్నందుకే నవ్వులపాలైన దేశం అది. అయితే అప్పులకు కళ్లెం వేసే నిబంధన 2009 నుంచి జర్మనీ రాజ్యాంగంలోనే ఉన్నది కాబట్టి, ఆ నిధిని పుట్టించడానికి రాజ్యాంగాన్నే సవరించవలసి వచ్చింది. అందుకు మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి కనుక ప్రతిపక్షాన్ని ఒప్పించవలసి వచ్చింది. ఆ పని జూన్‌లో గాని పూర్తి కాలేదు. ఆ తర్వాత కూడా, 2.5 కోట్ల యూరోలు దాటిన ప్రతి కొనుగోలు ఒప్పందమూ విడివిడిగా బుండెస్టాగ్ బడ్జెట్ కమిటీ ఆమోదం పొందాలి. ముప్పై అయిదు ఎఫ్-35 యుద్ధవిమానాల కొనుగోలుకు ఆ ఆమోదం డిసెంబరులో లభించింది. ఆ ఏడాది ముగిసేనాటికి నిధిలోంచి ఒక్క సెంటు కూడా ఖర్చు కాలేదని పార్లమెంటు తరఫున సైన్యాన్ని పర్యవేక్షించే కమిషనర్ తన వార్షిక నివేదికలో తేల్చి చెప్పారు.

దీన్ని వంచన అనుకోవడం మరో పొరపాటు. ఆమోదాల గొలుసు అంత పొడవుగా ఉండటానికి జర్మనీ చరిత్రే కారణం. సైన్యం పార్లమెంటు చేతిలోంచి జారిపోకూడదని యుద్ధానంతర తరం తెలిసి తెలిసి వేసుకున్న ముడులు అవి. మరింత ఆసక్తికరమైనది 2025 మార్చి ఘట్టం. ఫిబ్రవరి 23 ఎన్నికలు ముగిశాయి, కొత్త సభ ఇంకా కొలువు తీరలేదు. కొత్త సభలో తీవ్ర మితవాద ఏఎఫ్‌డీ పార్టీ, వామపక్షం కలిస్తే రాజ్యాంగ సవరణను అడ్డుకోగల బలం వాటికి వస్తుందని లెక్క తేలడంతో, పాత సభనే పిలిచి, మార్చి 18న ఓటు వేయించి, జీడీపీలో 1 శాతానికి మించిన రక్షణ వ్యయాన్ని అప్పుల కళ్లెం నుంచి తప్పించారు. ఎన్నికల్లో అప్పుల క్రమశిక్షణ గురించి మాట్లాడిన, తర్వాత ఛాన్సలర్ అయిన ఫ్రీడ్రిష్ మెర్జ్ పార్టీయే ఈ మలుపుకు ముందు నిలిచింది. చట్టరీత్యా అందులో లోపం లేదు. ఓటరుకు చెప్పిన మాటకూ చేసిన పనికీ మధ్య ఏర్పడిన ఆ ఎడం మాత్రం జర్మన్ రాజకీయాల్లో చాలాకాలం వినిపిస్తూనే ఉంటుందని నా అభిప్రాయం.

అపోహ: అమెరికా ఉక్రెయిన్‌కు డాలర్ల మూటలు పంపింది.

ఆర్థిక సహాయం ఉన్నది నిజమే. సైనిక సహాయంలో పెద్ద భాగం మాత్రం అమెరికా సైన్యం గిడ్డంగుల్లోని పాత నిల్వల్లోంచి వెళ్లింది. మంజూరైన డబ్బు ఆ ఖాళీలను కొత్త సరుకుతో నింపడానికి అమెరికా కర్మాగారాలకే చేరింది. 2024 ఏప్రిల్‌లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆమోదించిన సుమారు 6,100 కోట్ల డాలర్ల ప్యాకేజీలో 2,300 కోట్లకు పైగా కేవలం అలా నిల్వలు నింపుకోవడానికే. పాత ఆయుధానికి ఏ ధర కట్టాలన్నది కూడా చిన్న ప్రశ్న కాదు. ఇరవై ఏళ్ల నాటి క్షిపణికి దాని తరుగుదల పోగా మిగిలిన విలువ రాయాలా, లేక దాని స్థానంలో కొనబోయే కొత్తదాని ధర రాయాలా? అమెరికా రక్షణ శాఖ పెంటగన్ మొదట రెండో విధంగా లెక్క కట్టి, 2023 జూన్‌లో తప్పు దిద్దుకుని, పంపిన సామగ్రి విలువను 620 కోట్ల డాలర్ల మేర ఎక్కువ చూపామని ప్రకటించింది. పంపిన వస్తువు అదే, కాగితం మీది అంకె మాత్రం మారింది.

ఆ 2024 ప్యాకేజీ కోసం శ్వేతసౌధం అడిగింది 2023 అక్టోబరులో. కాంగ్రెస్‌లో అది ఆరు నెలలు నలిగింది. ఆ మధ్యలోనే, ఫిరంగి గుండ్ల కొరతతో అల్లాడిన ఉక్రెయిన్ సేనలు ఫిబ్రవరి 17న అవ్‌దీవ్‌కా పట్టణాన్ని విడిచి వెనక్కు తగ్గాయి. ఇక యూరప్ సంగతి: జర్మనీలోని కీల్ పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం 2024 చివరి వరకు యూరప్ దేశాలు కలిసి కేటాయించినది 13,200 కోట్ల యూరోలు, అమెరికా కేటాయించినది 11,400 కోట్లు. యూరప్ చేతులు ముడుచుకు కూర్చున్నదన్న మాట ఆ లెక్క ముందు నిలవదు.

అపోహ: డబ్బు ఉంటే గుండ్లు వచ్చేస్తాయి.

155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు తయారీని ఒకసారి దగ్గరగా చూద్దాం. అమెరికాలో ఆ గుండ్ల ఉక్కు తొడుగులు చేసే ముఖ్యమైన చోట్లలో ఒకటి పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్. ఒకప్పుడు ఆవిరి రైలింజన్లను మరమ్మతు చేసిన షెడ్డే ఇప్పటి కర్మాగారం. అక్కడ ఉక్కు దిమ్మెను ఎర్రగా కాల్చి, ప్రెస్సు కింద పెట్టి సాగదీసి, తొలిచి, నునుపు చేస్తారు. పేలుడు పదార్థం నింపేది అక్కడ కాదు, అయోవా రాష్ట్రంలో. యుద్ధానికి ముందు అమెరికా మొత్తం మీద నెలకు సుమారు 14,000 గుండ్లు తయారయ్యేవి. ఉక్రెయిన్ యుద్ధరంగంలో అవి కొన్ని రోజుల్లోనే అయిపోతాయి. లక్ష్యాన్ని నెలకు లక్షకు పెంచారు, కానీ కొత్త ప్రెస్సు రావాలి, దాన్ని నడిపే పనివాడు తయారు కావాలి.

గుండును ఫిరంగి గొట్టంలోంచి తోసే మందు సంగతి మరీ విచిత్రం. దాని మూలపదార్థం నైట్రోసెల్యులోజ్. దానికి వాడే ముడిసరుకు పత్తి. జిన్నింగు మిల్లులో దూది వేరు చేశాక కూడా గింజను అంటిపెట్టుకుని మిగిలే పొట్టి నూగును గుంటూరు, ఆదిలాబాద్, వరంగల్ ప్రాంతాల పత్తి రైతుకు ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. లింటర్ అని పిలిచే ఆ నూగు కోసమే యూరప్ తుపాకీమందు కర్మాగారాలు వెతుకులాడాయి, ఎందుకంటే అవి ఎక్కువగా ఆధారపడినది చైనా సరఫరా మీద. ఉక్రెయిన్‌కు ఏడాదిలో పది లక్షల గుండ్లు ఇస్తామని 2023 మార్చిలో ఐరోపా సమాఖ్య మాట ఇచ్చింది. గడువు నాటికి సగం దాకానే ఇవ్వగలిగి, 2024 చివరికి గాని లెక్క పూర్తి చేయలేకపోయింది. డబ్బు లేక జరిగిన ఆలస్యం కాదిది. ముప్పై ఏళ్లు ఆర్డర్లు రాక మూతపడిన ఉత్పత్తి వరుసలను మళ్లీ తెరవాలంటే, కంపెనీకి కావలసింది ప్రసంగం కాదు, పదేళ్ల కొనుగోలు ఒప్పందం. జర్మనీలోని ఉంటర్‌లూస్‌లో రైన్‌మెటాల్ సంస్థ 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసిన కర్మాగారాన్ని 2025 ఆగస్టులో ప్రారంభించగలిగింది. ఈ రంగంలో అది చాలా వేగం.

అపోహ: ఐరోపా సమాఖ్య రక్షణ కోసం 80,000 కోట్ల యూరోలు తీసి ఉంచింది.

అలా ఎక్కడా మూట కట్టిపెట్టలేదు. 2025 మార్చిలో చెప్పిన ఆ మొత్తంలో 15,000 కోట్లు సభ్యదేశాలకిచ్చే రుణం. మిగిలిన 65,000 కోట్లు, ద్రవ్యలోటు నిబంధనలు సడలిస్తే ఆయా దేశాలు తమంతట తాము ఖర్చు చేయగలవని వేసిన అంచనా.

అపోహ: రష్యా కంటే యూరప్ మూడింతలు ఖర్చు చేస్తోంది, కనుక భయమే అనవసరం.

సైనిక వ్యయాలను లెక్కగట్టే స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ లెక్కలో 2024లో రష్యా వ్యయం 14,900 కోట్ల డాలర్లు, నాటోలోని యూరప్ దేశాలది 45,400 కోట్లు. రష్యా తన సైనికుడికి, తన కర్మాగారానికి చెల్లించేది రూబుళ్లలో, స్థానిక ధరల్లో. డాలరులోకి మార్చగానే అది కుంచించుకుపోయి కనిపిస్తుంది. ఇటు యూరప్ వ్యయం ముప్పై దాకా సైన్యాలకు, అన్నేసి ప్రధాన కార్యాలయాలకు, రకరకాల ట్యాంకులకు చీలిపోతుంది. డాలర్ల పోలిక పూర్తిగా పనికిరానిదని అనను గాని, దాని ఆధారంగా గెలుపోటములు తేల్చడం తప్పు.

అపోహ: భయం పుట్టాక ప్రజలు ఎంత ఖర్చునైనా ఒప్పుకుంటారు.

డెన్మార్క్‌లో 1686 నుంచి ఉన్న మహా ప్రార్థనా దినం సెలవును, రక్షణ వ్యయానికి రాబడి పెంచడం కోసం, 2024 నుంచి ప్రభుత్వం రద్దు చేసింది. ఈస్టర్ తర్వాతి నాలుగో శుక్రవారం వచ్చే ఆ సెలవు రద్దును కార్మిక సంఘాలు, చర్చి కలిసి వ్యతిరేకించాయి, వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు. ఉక్రెయిన్‌ను గట్టిగా సమర్థించే దేశంలోనే ఇలా జరిగింది. బ్రిటన్ 2025 ఫిబ్రవరిలో తన రక్షణ వ్యయాన్ని 2027 నాటికి 2.5 శాతానికి పెంచుతామని చెబుతూ, అందుకు పేద దేశాలకిచ్చే సహాయాన్ని జాతీయాదాయంలో 0.5 నుంచి 0.3 శాతానికి తగ్గించింది. ఆ సహాయాన్ని చూసే శాఖ మంత్రి రాజీనామా చేశారు. స్లొవేకియాలో 2023 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం తన సైన్యపు నిల్వల్లోంచి ఉక్రెయిన్‌కు ఆయుధాలివ్వడం ఆపేసింది. 2025 జూన్‌లో నాటో హేగ్ సమావేశం 2035 నాటికి జీడీపీలో 5 శాతం లక్ష్యం పెట్టినప్పుడు, స్పెయిన్ తాను అంత పెట్టలేనని ముందే చెప్పేసింది. ఆ 5 లో కూడా సైన్యం మీది అసలు ఖర్చు 3.5 శాతమే, మిగిలిన 1.5 శాతం వంతెనలు, రేవులు, సైబర్ భద్రత వంటి వాటికి.

అపోహ: ఆయుధాలు కొంటే సైన్యం తయారైనట్టే.

జర్మనీ 2011లో నిర్బంధ సైనిక సేవను నిలిపివేసింది. లిథువేనియాలో సుమారు 5,000 మందితో శాశ్వతంగా ఉంచుతామన్న జర్మన్ బ్రిగేడ్ 2027కు గాని పూర్తి బలానికి రాదు. కుటుంబాలతో అక్కడ కాపురం ఉండటానికి సైనికులు ముందుకు రావాలి, వారి పిల్లలకు బడులు, ఇళ్లు కట్టాలి. బ్రిగేడ్ పద్దులో ట్యాంకుల పక్కన బాలబడి ఖర్చు కూడా ఉంటుందని మా విద్యార్థులు మొదట నమ్మరు. 2025 డిసెంబరులో బుండెస్టాగ్ ఆమోదించిన కొత్త సైనిక సేవా చట్టం ప్రకారం, 2008లోనూ ఆ తర్వాతా పుట్టిన యువకులకు పద్దెనిమిదేళ్లు నిండగానే ఒక ప్రశ్నపత్రం వస్తుంది. దాన్ని నింపి పంపడం తప్పనిసరి. సైన్యంలో చేరడానికి ఇష్టమేనా అన్న ప్రశ్నకు ఏమని రాయాలన్నది మాత్రం ఇప్పటికి వారి ఇష్టానికే వదిలారు.