షుగర్ కిడ్నీ తగువు: అసలు మలుపు 2012లోనే

షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఫినెరినోన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలను మొదటి నుంచే కలిపి వేస్తే, ఏ ఒక్కటో వేసినప్పటికంటే మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే రక్తం నుంచి కారిపోయే ప్రొటీన్) పోవడం మరో 30 శాతం దాకా తగ్గుతుందని 2025 జూన్‌లో ‘కాన్ఫిడెన్స్’ ట్రయల్ చెప్పింది. అంతకు మూడు నెలల ముందే మన దేశంలో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ ముగిసి, ధర పడిపోయింది. దాంతో పాత ప్రశ్న మళ్లీ పైకొచ్చింది. ఈ మందులు కిడ్నీని కాపాడుతున్నది వడపోత రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గించా, లేక లోపల రాజుకున్న ఇన్‌ఫ్లమేషన్‌ను (రక్షణ కణాలు రేపే వాపు, మంట) చల్లార్చా?

షుగర్‌తో కిడ్నీ చెడుతుందన్న పాఠం అందరికీ తెలిసిందే. 1993లో కాప్టోప్రిల్ అనే బీపీ మందు కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేసినప్పటి నుంచి ఒత్తిడి వాదానిదే రాజ్యం. షుగర్ రోగుల కిడ్నీ ముక్కల్లో మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు చేరి ఉన్నాయని చెప్పిన పేపరూ ఆ ఏడాదే వచ్చింది. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

కథ తిరిగింది 2012లో. బోస్టన్‌లోని జోస్లిన్ డయాబెటిస్ సెంటర్ బృందం 410 మంది టైప్ 2 రోగుల రక్తాన్ని పరీక్షించి, 12 ఏళ్లపాటు వాళ్లను గమనించింది. రక్తంలో టీఎన్ఎఫ్ఆర్1 అనే ఇన్‌ఫ్లమేషన్ ప్రొటీన్ అందరికంటే ఎక్కువున్న పావు వంతు మందిలో 54 శాతానికి కిడ్నీలు పూర్తిగా పోయాయి. మిగతావాళ్లలో 3 శాతానికే. ఇంత తేడా మూత్రంలో అల్బుమిన్ చూసి కూడా చెప్పలేం.

ఆ అక్టోబరులోనే పెద్ద దెబ్బ తగిలింది. కణాల్లోని రక్షణ జన్యువులను మేల్కొలిపే ఎన్ఆర్ఎఫ్2 ప్రొటీన్‌ను చురుకు చేసి ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తుందనుకున్న బార్డాక్సొలోన్ మందుపై, 2,185 మందితో సాగుతున్న ‘బీకన్’ ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడమో, చనిపోవడమో మందు తీసుకున్నవాళ్లలో 96 మందికి జరిగితే, తీసుకోనివాళ్లలో 55 మందికి జరిగింది. ఒత్తిడి వాదులు ‘చూశారా’ అన్నారు. అయితే ఆ ట్రయల్‌లో తేలింది ఒక మందు ప్రమాదకరమని మాత్రమే. ఇన్‌ఫ్లమేషన్‌కు పాత్ర లేదని దాన్నిబట్టి చెప్పలేం. ఈ రెండూ కలగాపులగమై దశాబ్దం వృథా అయిందని నా అభిప్రాయం.

ఒత్తిడి వాదుల అభ్యంతరాల్లో గట్టిది ఒకటుంది. వడపోత తగ్గితే టీఎన్ఎఫ్ఆర్1 లాంటి ప్రొటీన్లు రక్తంలో పేరుకుపోవడం సహజమే కదా, అవి కారణమా, ఫలితమా అని. దీనికి జోస్లిన్ వాళ్ల జవాబు 2019లో వచ్చింది. 194 ప్రొటీన్లను జల్లెడ పడితే, కిడ్నీ వైఫల్యాన్ని ముందే సూచించేవి 17 తేలాయి. అవి ప్రధానంగా కిడ్నీలో పుట్టినవి కావు, శరీరంలో వేరే చోట్ల నుంచి వచ్చినవేనని తేల్చారు.

2021లో అదే బృందం తిరగేసి వెతికింది: ఏళ్ల తరబడి షుగరున్నా కిడ్నీలు నిలిచినవాళ్ల రక్తంలో ఏముంది? మూడు ప్రొటీన్లు దొరికాయి. రక్తనాళాల గోడలను కాచే యాంజియోపొయెటిన్-1, ఎఫ్‌జీఎఫ్20, టీఎన్ఎఫ్ఎస్ఎఫ్12. మూడోది నేరస్తుల ఇంటి బిడ్డే, ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే టీఎన్ఎఫ్ ప్రొటీన్ల వంశానిది! ఎలుకల కిడ్నీల్లో అది హాని చేసేదిగానే పేరు పడింది. కాబట్టి కాపాడేది అదేనా, లేక కాపలా ఉందని చెప్పే గుర్తు మాత్రమేనా అన్నది తేలాలి.

రక్షణ కణాలను గంపగుత్తగా అడ్డుకోవడం కుదరదనీ ఈ మధ్యలో తెలిసింది. మాక్రోఫేజ్‌లను రప్పించే దారిని మూసే సీసీఎక్స్140 మందు 5 మిల్లీగ్రాముల డోసులో అల్బుమిన్‌ను కాస్త తగ్గించింది. 10కి పెంచితే ఫలితం పెరగకపోగా తగ్గింది. గాయం చేసే కణాలే మాన్పే పనీ చేస్తాయి మరి.

టీఎన్ఎఫ్ఆర్1ను కొలిచే రక్తపరీక్షకు 2023 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మన ల్యాబుల ‘కిడ్నీ ప్యాకేజీ’లో వడపోత ఎంత జరుగుతోందో చెప్పే క్రియాటినిన్ ఉంటుంది, మూత్రంలో అల్బుమిన్ మాత్రం చాలాచోట్ల డాక్టరు విడిగా రాస్తేనే.