హితబోధ తగాదా మూలం గుండ్లకమ్మ ఒడ్డున ఉంది

తెలుగు సంఘాల్లో ఈమధ్య ఏ ఇద్దరు విశ్వాసులు కలిసినా మాట చివరికి బోధ దగ్గరికే వస్తోంది. ఫలానా సేవకుడు చెప్పేది వాక్యానుసారం కాదని ఒకరంటే, మీ సంఘంలో ఆత్మ కార్యమే లేదని మరొకరంటారు. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధ), అన్యభాషల్లో మాట్లాడటం, దశమభాగం, అభిషేక తైలం... తగవు దేనిమీద మొదలైనా, హితబోధను, అంటే సరైన బోధను సహించక తమకు నచ్చిందే వినేవారి గురించి పౌలు తిమోతికి రాసిన దురద చెవుల మాటను ఇరుపక్షాలూ ఎదుటివారికే అంటగడతాయి. ఈ గొడవంతా టీవీ ప్రసంగాలతో, ఫోన్లలో చూసే వీడియోలతో పుట్టిందని చాలామంది అభిప్రాయం. దాని వేరు అంతకంటే చాలా లోతున, దాదాపు నూట యాభై ఏళ్ల వెనుక ఉంది. మనిషి బాప్తిస్మం కోసం నీళ్లలోకి దిగే ముందు ఏం తెలుసుకోవాలి, ఏం మానుకోవాలి, బయటికి వచ్చాక అతనికి ఎవరు నేర్పాలి? ఒంగోలు ప్రాంతంలో ఈ మూడు ప్రశ్నలూ ఒక్కసారిగా వేలమందిని వెంటబెట్టుకుని వచ్చాయి. మొదటి రెండింటికి ఆనాటివారు ఏదో ఒక జవాబు చెప్పగలిగారు. మూడోది ఇంకా తేలలేదు.

ప్రశ్న మాత్రం సంఘమంత పాతది. పెంతెకొస్తు దినాన ఇంచుమించు మూడువేల మంది ఒక్కరోజే చేర్చబడ్డారని అపొస్తలుల కార్యాలు చెబుతుంది. ఐతియోపీయుడైన నపుంసకుడు దారిలో నీళ్లు కనబడగానే బాప్తిస్మం కోసం రథం ఆపించాడు. ఆ తరువాతి తరాలకు అంత తొందర లేదు. మూడో శతాబ్దపు ఆచారాలను తెలుపుతుందని చాలామంది భావించే ‘అపొస్తలుల సంప్రదాయం’ అనే గ్రంథం, బాప్తిస్మం కోరేవారు మూడేళ్లు వాక్యం వినాలంటుంది. వెంటనే ఒక సడలింపూ ఇస్తుంది: శ్రద్ధగలవాడైతే గడిచిన కాలాన్ని కాక నడతను చూడాలి. వచ్చినవాడి వృత్తినీ ఆరా తీసేవారు. విగ్రహాలు చెక్కేవాడైతే ఆ పని మానాలి, లేదా తిరిగి వెళ్లాలి. తీతు పత్రికలోనూ హితబోధకు తగిన సంగతులు బోధించమన్న వెంటనే వచ్చేవి ఇంటి ముచ్చట్లే: వృద్ధులు మితానుభవం గలవారై ఉండాలి, దాసులు యజమాని సొత్తు అపహరించకూడదు. సిద్ధాంతం ఒక గదిలో, జీవితం మరో గదిలో ఉండే అలవాటు అప్పటికి ఇంకా రాలేదు.

ఇక ఒంగోలు. అమెరికన్ బాప్తిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై 1840 నుంచి నెల్లూరు కేంద్రంగా నడిచింది. ఏళ్లు గడిచినా చేరినవారు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. ఈ మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. 1865లో ఆ మిషన్ తరఫున మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఈ దేశానికి వచ్చి, మరుసటి ఏడాది ఒంగోలులో కాపురం పెట్టారు. ఆ ఏడే ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి బాప్తిస్మం పొందారు. మాదిగ కులస్థుడు. అంతకు ముందే గురువుల దగ్గర యోగసాధన చేసి, సత్యం కోసం వెతుకులాడిన మనిషి. మిషనరీ చరిత్రల్లో ఆయన పేరు క్లౌ వెనకాల వస్తుంది గానీ, పడమటి పల్లెల్లో వాక్యం పాకింది ప్రధానంగా ఆయన కాళ్లమీదే. తాళ్లకొండపాడులో తన బంధువుల మధ్య ఆయన వేసిన విత్తనమే తరువాతి కథకంతటికీ మొదలు.

అదే సమయంలో ఒంగోలులో బ్రాహ్మణులు కొందరు క్లౌ బోధను ఆసక్తిగా వింటున్నారు, బడికి పిల్లల్ని పంపుతున్నారు. మాదిగలు రావడం మొదలవగానే వారు తెగేసి చెప్పారు: వీరిని చేర్చుకుంటే మేము రాము. పై కులాలు ముందు వస్తే కింది కులాలు వాటంతటవే వస్తాయన్న లెక్క అప్పటి మిషనరీలలో బలంగా ఉండేది. క్లౌ దంపతులకు నిద్ర పట్టని రాత్రి అది. ఆయన ఒక గదిలో, భార్య హ్యారియట్ వేరొక గదిలో బైబిలు తెరిచారనీ, ఒకరికి తెలియకుండా ఒకరికి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనబడిందనీ క్లౌ రాసుకున్నారు. మీలో లోకరీతిగా జ్ఞానులు, ఘనులు, గొప్పవంశంవారు అనేకులు పిలువబడలేదు అనే భాగం అది. బైబిలు తెరిస్తే కనబడిన వచనం ప్రకారం నిర్ణయాలు చేయడం మంచి పద్ధతని నేననను. ఈ నిర్ణయం మాత్రం సరైనది. మన దగ్గర హితబోధకు తొలి పరీక్ష పల్లెజనానికి పెట్టింది కాదు, బోధ చేయవచ్చిన దొరకు ఎదురైంది.

చేరేవారికి పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పనిచేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పటి చెవులకు ఇవి మామూలు మాటల్లా వినిపిస్తాయి. ఆనాటి మాదిగ పల్లెలో ఒక్కో నియమం ఒక్కో తిరుగుబాటు. ఆదివారం పని మానడమంటే వెట్టికి పిలిచిన రైతుకు రానని చెప్పడం. చచ్చిన గొడ్డు మీది హక్కుకు బదులుగానే చెప్పులు, మోటబావికి తోలు సంచులు కుట్టిచ్చే కట్టుబాటు ఉంది, కాబట్టి ఆ మాంసం ముట్టనంటే ఊరితో ఉన్న ఒప్పందాన్నే కదిపినట్టు. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టేది మాదిగలే. డప్పు మోగకపోతే అమ్మవారికి కోపం వస్తుందని, కలరా వచ్చినా వాన రాకపోయినా పాపం వీరిదేనని ఊరు తీర్పు చెప్పేది. కరణం, మునసబు కలిసి బాట మూసేవారు. కోమటి ఉప్పు అమ్మడు, కుమ్మరి కుండ ఇవ్వడు, చాకలి రాడు. ఇవన్నీ తట్టుకుని నిలబడినవాడి విశ్వాసాన్ని శంకించాలంటే కొంచెం ధైర్యం కావాలి. చదువురాని మనిషికి త్రిత్వం ఏం తెలుసని తరువాత చాలామంది వెక్కిరించారు. అతనికి ప్రభువు ఎవరో తెలుసు, ఆయన కోసం ఏం పోగొట్టుకున్నాడో కూడా తెలుసు.

తరువాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశాన్ని మాడ్చిన కరువు అది. ప్రభుత్వం సహాయ పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. మిషనరీ కాకముందు అమెరికాలో భూమి సర్వే చేసిన అనుభవం క్లౌకు ఉంది. ఆయన మూడున్నర మైళ్ల కాలువ పని కాంట్రాక్టు తీసుకున్నారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. మిగతా చోట్ల మేస్త్రీల తిట్లు, దెబ్బలు తిన్న కూలీలు ఇక్కడికి తరలివచ్చారు. పగలు మట్టి మోసినవారు విరామంలో, సాయంత్రాల్లో ఆ మేస్త్రీల నోటనే వాక్యం విన్నారు. ఎన్నో ఊళ్ల జనం ఒకేచోట, ఆకలితో, చెవి ఒగ్గి కూర్చున్న సందర్భం అది. బాప్తిస్మం ఇవ్వమని అక్కడే అడిగారు.

క్లౌ ఇవ్వలేదు. కూలి ఇచ్చే చెయ్యి, బాప్తిస్మం ఇచ్చే చెయ్యి ఒకటే అయితే విశ్వాసానికీ బియ్యానికీ తేడా ఎలా తెలుస్తుంది? కరువు సహాయం సాగినంత కాలం, సుమారు పదిహేను నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపారు. తెలుగు క్రైస్తవ చరిత్రలో నేను అన్నిటికంటే ఎక్కువ గౌరవించే నిర్ణయం ఇదే. దీన్ని ఎవరూ పెద్దగా తలచుకోరు, ఎందుకంటే తరువాత జరిగిన సంగతి మరీ పెద్దది.

1878లో సహాయపు పని ముగిసింది. ఇక డబ్బు లేదు, పని లేదు అని చెప్పినా జనం కదలలేదు. చేతుల మీది బొబ్బలు చూపించి, మేము కష్టపడి బతికేవాళ్లం, మీ సాయం వద్దు, పంట మళ్లీ పోయి చచ్చిపోయినా క్రైస్తవులుగా చస్తాం అన్నారట. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర తోపుల్లో ఏ ప్రాంతపు బోధకుడు ఆ ప్రాంతంవారిని కూర్చోబెట్టుకుని విచారించాడు. ఊరి పెద్దల సాక్ష్యం అడిగారు. సిద్ధంగా లేరనిపించినవారిని ఆపారు. జూలై 3న ఉదయం నుంచి సాయంత్రం దాకా, మధ్యాహ్నం విరామం పోను, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి వంతులు మార్చుకున్నారు. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిదివేల ఆరువందలు దాటింది.

అసలు చిక్కు ఆ మరునాడు మొదలైంది. వేలమంది వందల పల్లెలకు వెళ్లిపోయారు. వారిలో చదవగలిగినవారు బహు తక్కువ. రామాయపట్నంలో 1872లోనే సెమినరీ, అంటే బోధకులకు శిక్షణ ఇచ్చే పాఠశాల, పెట్టారు గానీ, అది ఇచ్చే బోధకులు ఈ సంఖ్యకు ఏ మూలకూ చాలరు. ఒకే బోధకుడు ఎన్నో ఊళ్లు తిరగాలి. అతను వచ్చిన నాడే ఆరాధన, రానినాడు పాట, ప్రార్థన. పాట లేకపోతే ఆ సంఘాలు ఆ మధ్యకాలంలో బతికి ఉండేవి కావు. చదువు రానివారికి కీర్తనలే వేదాంతం. తొందరపడి ముంచేశారన్న విమర్శ క్లౌ జీవితాంతం ఆయన్ని వెంటాడింది. విమర్శ ముందు జరిగినదాని మీద పడింది, లోటు మాత్రం తరువాతి పనిలో ఉంది. కులం విషయంలోనూ అంతే. ఒంగోలు బాప్తిస్టుల్లో మాదిగలు, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువై, మిషన్ల సరిహద్దులే కులాల సరిహద్దులయ్యాయి. బ్రాహ్మణుల షరతును కాదన్న సంఘం, మాల మాదిగల మధ్య గోడను మాత్రం దాటలేకపోయింది.

చేరాక ఎవరు నేర్పాలన్న మూడో ప్రశ్నను సూటిగా పట్టుకున్నవారు డోర్నకల్ బిషప్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1945లో ఆయన మరణించేనాటికి ఆయన పరిధిలోని సంఘాల సభ్యుల సంఖ్య రెండు లక్షలు దాటింది. సంఖ్యకంటే ఆయన పద్ధతి గమనించదగ్గది. పల్లె బోధకుడికి శిక్షణ ఇచ్చేటప్పుడు భార్యకూ ఇవ్వాలని పట్టుబట్టారు, ఎందుకంటే పల్లెలో బోధ సగం వాకిట్లో, బావి దగ్గర జరిగేది. బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చెయ్యి పెట్టించి, నేను సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. నేర్చుకున్నవాడే నేర్పేవాడు కావాలన్నది లెక్క. 1933లో మెథడిస్టు మిషనరీ వాస్కోమ్ పికెట్ సామూహిక మతమార్పిడులపై వెలువరించిన అధ్యయనంలో తెలుగు ప్రాంతాలూ ఉన్నాయి. ఎందుకు చేరారన్నదానికంటే చేరాక వారికి ఎలాంటి బోధ, ఆరాధన దొరికాయన్నదే వారి క్రైస్తవ జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించిందని ఆయన తేల్చారు. క్లౌ విమర్శకులకు ఇంతకంటే మంచి సమాధానం లేదు, క్లౌ వారసులకు ఇంతకంటే పెద్ద మందలింపూ లేదు.

ఆ తరువాతి దశలు త్వరగా చెప్పుకోవచ్చు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, నైసీయ, అపొస్తలుల విశ్వాస ప్రమాణాలను ఉమ్మడి ఆధారంగా పెట్టుకుంది. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి కెనడాలో క్రీస్తును నమ్మిన భక్త సింగ్, హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా వేరే బాట వేశారు. బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన తప్ప వేరే చట్రం అక్కర లేదన్నారు. డిగ్రీ లేదు, జీతం లేదు, బైబిలు మాత్రం కంఠతా రావాలి. ఆ పట్టు ఉన్నంతకాలం ఆ సంఘాల్లో బోధ గట్టిగానే నిలిచింది. చట్రం అక్కర లేదన్న మాటను ఆ తరువాత పట్టు లేనివారూ పట్టుకెళ్లారు. మరోపక్క పాత మిషన్ల సెమినరీలు కలిసి 1964లో ఏర్పడిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల రాజమండ్రి నుంచి హైదరాబాదుకు చేరింది. అక్కడ చదివినవారికి పట్టణ సంఘాలు దొరికాయి. పల్లెకు ఎవరు మిగిలారో వేరే చెప్పనక్కరలేదు.

నడతకు సంబంధించిన ప్రశ్న కూడా కొత్త రూపం ఎత్తింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఆ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులకు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషనే దక్కింది. కులం మారలేదు, అవమానం తగ్గలేదు, హోదా మాత్రం పోతుంది. ఇది అన్యాయం. ఈ అన్యాయం మధ్య ఆదివారం సంఘంలో ఒక పేరు, కాగితం మీద మరో మతం పెట్టుకుని బతికే కుటుంబాలు ఎన్నో. డప్పు కొట్టనన్నందుకు ముత్తాతకు బాట మూశారు. నిజం రాస్తే మునిమనవడికి సీటు పోతుంది. దీనిమీద సూటిగా మాట్లాడే ప్రసంగం అరుదు. దశమభాగం మీద మాత్రం వారానికొకటి వింటాం.

బోధకుణ్ని ఎవరు పరీక్షించాలన్న సంగతికి వస్తే, మిషన్ సంఘాల్లో కాగితం మీదైనా ఒక పద్ధతి ఉంది: సెమినరీ చదువు, పరిశీలన కాలం, ఆ తరువాతే అభిషేకం. స్వతంత్ర సంఘాల్లో సంఘం పెట్టినవాడే కాపరి, తరచుగా అతని కొడుకే తరువాతి కాపరి. చాలా మండలాల్లో పాస్టర్ల ఫెలోషిప్పులు ఉన్నాయి. సమాధుల తోటకు స్థలం అడగడం, క్రిస్మస్ ర్యాలీకి అనుమతి తెచ్చుకోవడం, ఎక్కడైనా దాడి జరిగితే కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వడం వాటి పని. అవన్నీ అవసరమే. తోటి కాపరి పల్లెలో ఏం బోధిస్తున్నాడని అడిగే అధికారాన్ని మాత్రం అవి తమకు తాము ఇచ్చుకోలేదు, ఇచ్చుకుంటే ఎంతమంది సభ్యులు మిగులుతారో వాటికి తెలుసు.