బొమ్మ రైళ్లు: అపోహలు - వాస్తవాలు (అన్నీ మా పెద్దాయన చెప్పినవే)

మా పెద్దాయన పోయి నెలయింది. నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్క సందులో ఆయనది ఎలక్ట్రికల్ షాపు. ఇల్లు గడిచింది ఫ్యాన్లు, వైర్లు అమ్మడంతోనే, లోపలున్న అద్దాల బీరువాలోని మోడల్ రైళ్లు మాత్రం మాలాంటి పిచ్చోళ్ల కోసం. నేను ఆ బొమ్మ ఇంజన్లు రిపేరు చేస్తాను, ఆ పని ఆయన కౌంటర్ దగ్గర నిలబడి నేర్చుకున్నదే. కర్మ రోజు భోజనాల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు నన్ను పట్టుకుని, ఆయన్ని అడగాల్సినవన్నీ అడిగారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఇంజన్ ఆగిపోయిందంటే మోటారు కాలినట్టే.

కాదు. ఎవరైనా ఇలా ఏడుపుమొహంతో వస్తే ఆయన ఇంజన్‌ని వెల్లకిలా తిప్పి రెండు వైర్లు చక్రాలకి ఆనించేవారు. చక్రాలు గిర్రున తిరిగేవి. "మోటారు బానే ఉందబ్బయ్యా, పో, పోయి పట్టాలు తుడువు" అనేవారు. కొత్త ఇంజన్ అమ్ముకునే బేరం అలా ఎన్నిసార్లు పోగొట్టుకున్నారో! కరెంటు పట్టాల నుంచి చక్రాల మీదుగా మోటారుకి వెళ్తుంది, మధ్యలో నల్లటి పొర పడితే బండి ముక్కుతూ మూలుగుతూ ఆగుతుంది. పాత బనీను గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. గరుకు కాగితం వద్దు, అది పెట్టే గీతల్లోనే మళ్లీ మురికి కూర్చుంటుంది. కొబ్బరినూనె పోసేవాళ్లకైతే దణ్ణం. అది జిగురై గేర్లని పట్టేస్తుంది, ప్లాస్టిక్‌ని తినని పల్చటి ఆయిల్ ఒక్క చుక్క వేయండి.

అపోహ: నికెల్ సిల్వర్ పట్టాల్లో వెండి ఉంటుంది. రవ్వంత కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు, అంతే.

అపోహ: మన ఎండలకి పట్టాలు సాగి వంకరపోతాయి.

ఎండ వల్ల సాగేది తక్కువ. అసలు దొంగ కింద చెక్క. నవంబరు ముసుర్లకి ప్లైవుడ్ తేమ పీల్చి ఉబ్బుతుంది, వేసవికి ఎండి ముడుచుకుంటుంది, ఆ లాగుడుకి పట్టాల అతుకులు కదులుతాయి. సముద్రం దగ్గరున్న ఊళ్లవాళ్లు చెక్కకి అన్ని వైపులా, అడుగున కూడా, పెయింట్ వేసి తీరాలి.

అపోహ: డిజిటల్ కంట్రోలర్ కొంటే పాత ఇంజన్లన్నీ దాని మీదే నడుస్తాయి.

ఇది నా సొంత వెధవ పని. డీసీసీలో, అంటే ఈ డిజిటల్ కంట్రోల్ పద్ధతిలో, పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజ్ అటూ ఇటూ మారుతూ ఉంటుంది, అందులోంచి కావలసింది తీసుకుని మోటారుని నడిపేది ఇంజన్లో ఉండే డీకోడర్. డీకోడర్ లేని, కోర్‌లెస్ మోటారు (చుట్ట లోపల ఇనుము ఉండని రకం) ఉన్న ఇంజన్‌ని పట్టాల మీద పెట్టి టీకి వెళ్లొచ్చా, వచ్చేసరికి కాలిన వాసన. పెద్దాయన తిట్టలేదు, మోటారు విప్పి కౌంటర్ మీద పెట్టి "వాసన చూడు, గుర్తుంటుంది" అన్నారు.

అపోహ: బొమ్మ రైళ్ల సైజుల్లో హెచ్‌ఓ, ఓఓ రెండూ ఒకటే.

పట్టాల మధ్య దూరం ఒకటే, 16.5 మిల్లీమీటర్లు. బండ్లు వేరు. హెచ్‌ఓ అసలు బండిలో 87లో ఒక వంతు, బ్రిటిష్ ఓఓ 76లో ఒక వంతు, అంటే కాస్త పెద్దది. మన సంగతి ఇంకా విచిత్రం. ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) రకం పెట్టె దాదాపు 21.3 మీటర్లు, హెచ్‌ఓలో 24.5 సెంటీమీటర్లు అవుతుంది, బానే ఉంది. కానీ మన బ్రాడ్ గేజ్, అంటే అసలు పట్టాల మధ్య దూరం, 1,676 మిల్లీమీటర్లు కాబట్టి హెచ్‌ఓలో అది 19.26 ఉండాలి, 16.5 మీద నడిపితే మన బండి సన్నకాళ్ల మీద నిలబడ్డట్టుంటుంది. చాలామంది సర్దుకుపోతారు, నేనూ అంతే.

ఆయన సర్దుకోలేదు. వాళ్ల నాన్న బిట్రగుంట షెడ్డులో స్టీమింజన్ల మీద ఫైర్‌మన్. బీరువా పై అరలో ధర చీటీ లేని డబ్ల్యూపీ రకం స్టీమింజన్ బొమ్మ ఒకటుండేది, బుల్లెట్ ముక్కుది, పెద్దాయన ఇత్తడి రేకుతో చేసుకున్నది. చక్రాల మధ్య సరిగ్గా మన గేజే. దాని కింద మూరెడు పట్టా, అదీ చేత్తో వేసిందే. ఎంత అడిగినా అమ్మలేదు.

కర్మ అయ్యాక వాళ్లబ్బాయి దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చిచ్చి, "అన్నా, ఒకసారి నడిపి చూపించవా" అన్నాడు. ఆ మూరెడు తప్ప ఆ కొలత పట్టా మా ఎవరి దగ్గరా లేదు. ప్లైవుడ్ తెచ్చి పెట్టా. ఈ ముసురు తగ్గాక పెయింట్ వేసి మొదలుపెట్టాలి.