రోన్ నదిలో కలిపిన బూడిద

క్రీ.శ. 177. ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో క్రైస్తవులను పట్టుకుని చిత్రహింసలు పెట్టి చంపారు. అంతటితో ఊరుకోలేదు. శవాలను ఆరు రోజులు బయటే పడేసి, తర్వాత కాల్చి, బూడిదను రోన్ నదిలోకి ఊడ్చేశారు. చచ్చినా ఈ ఒంటితోనే మళ్లీ లేస్తామన్న ధైర్యంతోనే వీళ్లు చావుకు భయపడటం లేదు, ఆ ఆశే లేకుండా చేద్దామని వాళ్ల లెక్క. చావు తప్పినవాళ్లు రాసిన ఉత్తరంలో ఈ సంగతంతా ఉంది. నాలుగో శతాబ్దపు బిషప్పు యూసేబియస్ తన సంఘ చరిత్రలో దాన్ని భద్రపరిచాడు.

ఆత్మ పరలోకానికి ఎగిరిపోతే చాలనుకునేవాళ్లకు బూడిద ఏ నదిలో కలిస్తే ఏం? తొలి క్రైస్తవుల ఆశ ఒంటి మీద, ఈ నేల మీద ఉండేది. ఆ మాట చంపినవాళ్లకే బాగా అర్థమైనట్టుంది.

ఈ ఆశ యూదుల దగ్గర నుంచి వచ్చింది. క్రీ.పూ. 167 ప్రాంతంలో యూదయను ఏలుతున్న గ్రీకు రాజు నాలుగో అంతియొకస్ యూదుల ఆచారాలను నిషేధించాడు. మక్కబీయుల రెండో గ్రంథంలో (ఇది కథోలిక బైబిల్లో ఉంటుంది, ప్రొటెస్టెంట్ బైబిల్లో కనపడదు) ఆచారం తప్పనందుకు చిత్రహింసలతో చనిపోయిన ఏడుగురు అన్నదమ్ముల కథ ఆ రోజులదే. మూడోవాడు నాలుక, చేతులు తానే చాచి, ఇవి దేవుడిచ్చినవి, మళ్లీ ఆయన దగ్గరే తీసుకుంటానంటాడు.

పౌలు రోమీయులకు రాస్తూ, సృష్టి అంతా ప్రసవవేదన పడుతోందన్నాడు. పురిటినొప్పులంటే బిడ్డ పుట్టబోతోందనేగా! అపొస్తలుల కార్యాల్లో, అన్నీ తిరిగి బాగుపడే కాలం గురించి పేతురు చెప్పిన మాటను తెలుగు బైబిల్ 'కుదురుబాటు కాలములు' అంటుంది. జ్వరం తగ్గి మనిషి కుదుటపడటం గుర్తొచ్చే మాట, బాగా కుదిరింది.

లియాన్‌లో ఆ ఘోరం జరిగినప్పుడు ఐరేనియస్ ఉత్తరం పట్టుకుని రోముకు వెళ్లాడు. తర్వాత అదే ఊరికి బిషప్పయ్యాడు. భక్తులు ఏ సృష్టిలో బాధలు పడ్డారో ఆ సృష్టిలోనే ప్రతిఫలం పొందడం న్యాయమని వాదించాడు. రాబోయే రాజ్యంలో ఒక్కో ద్రాక్షతీగకు పదివేల కొమ్మలుంటాయన్న పాత మాటనూ నమ్మకంగా రాసుకొచ్చాడు.

మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిజెన్ ఇంకా ముందుకెళ్లాడు. దేవుడి శిక్ష కూడా వైద్యుడి మందు లాంటిదేనని, చివరికి అంతా బాగుపడుతుందని ఆశపడ్డాడు. ఇదేదో సుఖంగా కూర్చుని చెప్పిన కబురు కాదు. తండ్రిని చిన్నప్పుడే చంపేశారు, ముసలితనంలో తనూ చెరలో చిత్రహింసలు అనుభవించాడు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 553లో, కాన్‌స్టాంటినోపుల్‌లో కూడిన బిషప్పుల సభ ఆయన్ని తప్పుబట్టింది.

313లో రోమా చక్రవర్తులు క్రైస్తవాన్ని అనుమతించాక హింస ఆగింది, ఆశ రూపమూ మారింది. బైబిల్ చివరి గ్రంథం ప్రకటన చెప్పే వెయ్యేళ్ల క్రీస్తు రాజ్యమంటే ఇప్పుడున్న సంఘ కాలమేనన్నాడు ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్. ఒంటి సంగతిని మాత్రం ఆయనా వదల్లేదు. తిరిగి లేచినప్పుడు హతసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల) తెగిన అవయవాలు అతుక్కుంటాయట, గాయాల మచ్చలు మాత్రం అలాగే ఉంటాయట, అందంగా.